ముక్కులో గాలి ప్రవాహానికి సీఎఫ్‌డీ: టర్బులెన్స్ మోడల్ సంగతి తర్వాత, ముందు సీటీ సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు మెకానికల్ ఎం.టెక్ చేస్తున్నారు. ఒక ఈఎన్‌టీ డాక్టర్ ద్వారా ముక్కు దూలం వంకరగా ఉన్న పేషెంట్ సీటీ స్కాన్ మీ చేతికి వచ్చింది. దాని మీద ఓపెన్‌ఫోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సీఎఫ్‌డీ చేసి, అంటే కంప్యూటర్ మీద, గాలి ప్రవాహం లెక్కించాలనుకుంటున్నారు. ఏ టర్బులెన్స్ (సుడుల) మోడల్ వాడాలి, మెష్‌లో, అంటే గాలి దారిని చిన్న గళ్లుగా విడగొట్టిన వలలో, ఎన్ని సెల్స్ ఉండాలి, వచ్చిన ఫలితాన్ని బట్టి ఆపరేషన్ అవసరమో కాదో చెప్పవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: మామూలు ఊపిరికి, అంటే నిమిషానికి 15 లీటర్ల ప్రవాహానికి, ల్యామినార్ (సుడులు లేని), స్టెడీ (కాలంతో మారని) సొల్యూషన్ చాలు. మెష్ 30 నుంచి 50 లక్షల సెల్స్ మధ్య సరిపోతుంది. ఆపరేషన్ నిర్ణయం ఒక్క సిమ్యులేషన్ మీద చెప్పకూడదు. మీ సమయంలో ఎక్కువ భాగం టర్బులెన్స్ మోడల్ ఎంపికకు కాకుండా సెగ్మెంటేషన్‌కు, అంటే సీటీలో గాలి దారిని విడదీసే పనికి, పెట్టండి. ముక్కు లెక్కల్లో వచ్చే పెద్ద తప్పులు దాదాపుగా అక్కడే పుడతాయి.

ల్యామినార్ ఎందుకు చాలో లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 15 లీటర్లంటే సెకనుకు 250 మిల్లీలీటర్లు, ఒక్కో వైపు 125. ముక్కులో అన్నిటికన్నా ఇరుకైన చోటు నాసల్ వాల్వ్. రంధ్రం నుంచి సుమారు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల లోపల, దూలానికీ పక్క మృదులాస్థికీ ఇన్ఫీరియర్ టర్బినేట్ (పక్క గోడ మీది కింది మడత) ముందు కొసకూ మధ్య ఉండే సందు అది. అక్కడ ఒక్కో వైపు అడ్డుకోత వైశాల్యం 0.6 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే వేగం సెకనుకు దాదాపు 2.1 మీటర్లు. చుట్టుకొలత 4.5 సెంటీమీటర్లు అనుకుంటే హైడ్రాలిక్ వ్యాసం 5.3 మిల్లీమీటర్లు. వీటితో రేనాల్డ్స్ సంఖ్య (జడత్వానికీ స్నిగ్ధతకూ నిష్పత్తి) 700 దగ్గర తేలుతుంది. ప్రవాహం రెట్టింపై నిమిషానికి 30 లీటర్లయితే 1400. నునుపైన గొట్టంలో టర్బులెన్స్ మొదలయ్యే 2300 కన్నా ఇది తక్కువే. కాకపోతే ముక్కు గొట్టం కాదు. వాల్వ్ దాటాక గాలి జెట్‌లా దూసుకెళ్తుంది, ఆ జెట్ అంచులు 30 లీటర్ల దగ్గరే అస్థిరం కావచ్చు. అందుకే గట్టిగా పీల్చడం, వ్యాయామం లాంటివి చూడాలంటే కె-ఒమేగా ఎస్‌ఎస్‌టీ అనే టర్బులెన్స్ మోడల్ గానీ, వనరులుంటే పెద్ద సుడులను నేరుగా లెక్కించే ఎల్‌ఈఎస్ గానీ వాడతారు. వాల్ ఫంక్షన్లతో (గోడ దగ్గరి ప్రవాహాన్ని సూత్రంతో అంచనా వేసేవి) ఉన్న మామూలు కె-ఎప్సిలాన్ మాత్రం ఇక్కడ వద్దు. పూర్తిగా టర్బులెంట్‌గా ఉన్న ప్రవాహానికి రాసిన మోడల్ అది. లేని టర్బులెన్స్‌ని పుట్టించి జెట్‌ని చెదరగొడుతుంది, పీడన నష్టాన్నీ పెంచి చూపిస్తుంది.

స్టెడీగా చేయవచ్చా అన్నదానికి కూడా ఒక సంఖ్య ఉంది. నిమిషానికి 15 శ్వాసలంటే 0.25 హెర్ట్జ్. ప్రవాహం ఊపిరి మార్పులకు తగ్గట్టు సర్దుకోగలదో లేదో చెప్పే వోమర్స్‌లీ సంఖ్య పైన చెప్పిన కొలతలతో 0.8 వస్తుంది. ఒకటి కన్నా తక్కువ కాబట్టి ప్రతి క్షణం ప్రవాహాన్ని ఆ క్షణపు స్టెడీ ప్రవాహంగానే చూడవచ్చు. ఊపిరి దిశ మారే క్షణాలు ఇందుకు మినహాయింపు. మీ ప్రశ్నకు అవి అవసరం లేదు.

ఇక సీటీ. ముందు మీ దగ్గర ఉన్న సీడీలో ఏ సిరీస్‌లు ఉన్నాయో చూడండి. చాలాసార్లు డాక్టర్ చూడటానికి తయారుచేసిన 3 మి.మీ. కొరోనల్ (ముఖానికి సమాంతరంగా కోసిన) చిత్రాలు పైకి కనిపిస్తాయి. అవి మీకు పనికిరావు. 0.5 నుంచి 1 మి.మీ. మందంతో ఉన్న అక్షీయ (తలను అడ్డంగా కోసిన) సిరీస్ కావాలి. సీడీలో లేకపోతే రేడియాలజీ వాళ్ల సర్వర్‌లో ఇంకా ఉందేమో అడగండి, కొన్నాళ్లయ్యాక పలుచటి సిరీస్‌లను తీసేస్తుంటారు. రెండోది, ముక్కు కొస పూర్తిగా పడిందో లేదో చూడండి. సైనస్ స్కాన్లలో ఫీల్డ్ ఆఫ్ వ్యూ బిగించి తీస్తే ముక్కు కొస, రంధ్రాలు తెగిపోతాయి. అవి లేని స్కాన్‌తో వాల్వ్ ముందు ప్రవాహం నమ్మకంగా రాదు, వేరే స్కాన్ వెతుక్కోవడమే మేలు. మూడోది, అది కోన్ బీమ్ సీటీ అయితే హౌన్స్‌ఫీల్డ్ విలువలను (సీటీలో సాంద్రత కొలతను) నమ్మి త్రెషోల్డ్, అంటే గాలినీ కణజాలాన్నీ వేరు చేసే హద్దు విలువ, పెట్టకండి. డెంటల్ మెషిన్లలో ఆ విలువలు స్థిరంగా ఉండవు.

గాలి మైనస్ 1000 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు, మెత్తటి కణజాలం ప్లస్ 40 దరిదాపు. సరిహద్దు మీద పడిన పిక్సెల్‌లో రెండూ కలిసి ఉంటాయి కాబట్టి దాని విలువ మధ్యలో ఎక్కడో ఉంటుంది. సరిగ్గా నడిమి విలువ మైనస్ 480. మైనస్ 300 పెడితే దారి వెడల్పవుతుంది, మైనస్ 600 పెడితే ఇరుకవుతుంది. "ఆ కాస్త తేడాకే ఏమవుతుంది" అనిపిస్తుంది. లెక్క చూడండి. 200 మి.మీ. ఫీల్డ్‌ని 512 పిక్సెళ్లుగా చేస్తే ఒక్కో పిక్సెల్ 0.39 మి.మీ. వాల్వ్ దగ్గర సందు వెడల్పు 3 మి.మీ. అనుకోండి. త్రెషోల్డ్ మారి రెండు గోడలూ అరపిక్సెల్ చొప్పున లోపలికి జరిగితే సందు 2.6 మి.మీ. అవుతుంది. స్నిగ్ధత నష్టాలు సందు వెడల్పు ఘనానికి విలోమంగా పెరుగుతాయి, అంటే 1.54 రెట్లు. జడత్వ నష్టాలు వర్గానికి విలోమంగా, అంటే 1.33 రెట్లు. అసలు పెరుగుదల ఈ రెంటి మధ్య ఉంటుంది. తెర మీద కంటికి కూడా ఆనని అరపిక్సెల్‌తో నిరోధం మూడో వంతు నుంచి సగం దాకా పెరిగిందన్నమాట. ముక్కు మొత్తం నిరోధంలో సగమో, అంతకన్నా ఎక్కువో ఈ వాల్వ్ దగ్గరే ఉంటుంది కాబట్టి ఈ తప్పు తుది సంఖ్యలోకి నేరుగా వచ్చి కూర్చుంటుంది. ఏ టర్బులెన్స్ మోడల్ మార్చినా ఇంత తేడా రాదు.

అందుకే ఒకే త్రెషోల్డ్‌తో ఒకే ఫలితం ఇవ్వకండి. మైనస్ 300, మైనస్ 450, మైనస్ 600 అని మూడు జామెట్రీలు చేసి మూడింటి నిరోధాలూ రాయండి. థీసిస్‌లో మెష్ ఇండిపెండెన్స్ పట్టిక అందరూ పెడతారు, ఈ పట్టిక పెట్టేవాళ్లు తక్కువ. పరీక్షకుడు అడగాల్సింది నిజానికి దీన్నే.

త్రెషోల్డ్ వేశాక చేతిపని మొదలవుతుంది. 3డీ స్లైసర్ గానీ ఐటీకే-స్నాప్ గానీ సరిపోతాయి, రెండూ ఉచితమే. కొరోనల్ వ్యూలో స్లైస్ తర్వాత స్లైస్ ముందు నుంచి వెనక్కి చూసుకుంటూ పోవాలి. ఎత్మాయిడ్ గదుల (కళ్ల మధ్య ఉండే చిన్న సైనస్‌ల) గోడలు కాగితమంత పలుచగా ఉంటాయి. సీటీలో అక్కడక్కడ మాయమై ఆ గదులు ముక్కు దారిలో కలిసిపోతాయి, వాటిని చేత్తో కోసెయ్యాలి. మాక్సిలరీ (బుగ్గల్లోని) సైనస్‌లను వాటి ద్వారం దగ్గర మూసెయ్యవచ్చు. ఆపరేషన్ కాని ముక్కులో వాటిలోకి వెళ్లే గాలి అత్యల్పం, సెల్స్ మాత్రం లక్షల్లో తినేస్తాయి. సైనస్ ఆపరేషన్ అయి ద్వారం వెడల్పు చేసిన పేషెంటైతే ఉంచాల్సిందే. చీమిడి కూడా సీటీలో కణజాలంలాగే కనిపిస్తుంది. ముక్కు లోపలి నేల మీద పేరుకున్న దాన్ని గోడగా లెక్కపెట్టారేమో డాక్టర్‌కి చూపించి అడగండి. టర్బినేట్ దూలానికి ఆనుకున్న చోట ఒక్క పిక్సెల్ వంతెన అటో ఇటో అయితే ఒక దారి మొత్తం తెరుచుకోవచ్చు, మూసుకోవచ్చు. ఆ చోట్లను పేరుపేరునా రాసి పెట్టుకోండి.

ఎస్‌టీఎల్‌గా (త్రికోణాలతో చేసిన ఉపరితలపు ఫైల్‌గా) మార్చేటప్పుడు స్మూతింగ్ దగ్గర జాగ్రత్త. మామూలు ల్యాప్లేసియన్ స్మూతింగ్ ఆకారాన్ని కుంచింపజేస్తుంది, సన్నని దారులు మొదట బలైపోతాయి. టాబిన్ పద్ధతి ఘనపరిమాణాన్ని చాలావరకు నిలుపుతుంది. ఏది వాడినా ముందూ వెనకా ఘనపరిమాణం చూసుకోండి, ఒక శాతం మించి మారితే తగ్గించండి. అయితే మొత్తం ఘనపరిమాణం మారలేదని ఊరుకోకూడదు, వాల్వ్ దగ్గర కోత వైశాల్యాన్ని విడిగా కొలవాలి. సైనస్‌లు లేకుండా రెండు వైపులా కలిపి పెద్దవాళ్లలో 15 నుంచి 25 ఘన సెంటీమీటర్లు రావడం మామూలు. రెండు చిన్న తనిఖీలు: ఎస్‌టీఎల్ మిల్లీమీటర్లలో ఉంటుంది, ఓపెన్‌ఫోమ్ మీటర్లు అనుకుంటుంది, 0.001తో స్కేల్ చెయ్యడం మరవకండి. ఇక కుడి ఎడమలు. రేడియాలజీ చిత్రంలో పేషెంట్ కుడివైపు తెర మీద ఎడమకి ఉంటుంది. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపేటప్పుడు అక్షాల గుర్తులు మారి అద్దంలో బొమ్మలా తిరగబడే అవకాశమూ ఉంది. దూలం ఎటు వంగిందో డాక్టర్ రిపోర్ట్‌లో చదివి మీ మోడల్‌తో సరిచూసుకోండి. ఈ తనిఖీ వదిలేస్తే అసలుకే మోసం వస్తుంది.

మెష్. మొత్తం ఎన్ని సెల్స్ అన్నదాని కన్నా సందుకు అడ్డంగా ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం. మీటస్‌లలో (టర్బినేట్ల కింది దారుల్లో) సందు 1 నుంచి 2 మి.మీ. ఉంటుంది. దానికి అడ్డంగా కనీసం ఆరేడు సెల్స్ ఉండాలి, అంటే అక్కడ సెల్ పరిమాణం 0.15 నుంచి 0.25 మి.మీ. గొంతు వైపు 0.5 మి.మీ. చాలు. గోడ మీద నాలుగైదు ప్రిజమ్ పొరలు (గోడకు సమాంతరంగా ఉండే పలుచటి సెల్స్), మొదటి పొర 0.05 మి.మీ., పెరుగుదల 1.2. ఓపెన్‌ఫోమ్‌లోని మెష్ సాధనం స్నాపీహెక్స్‌మెష్ ఇలాంటి వంకర గోడల మీద పొరలు వెయ్యనని తరచూ మొండికేస్తుంది. లాగ్‌లో పొరల కవరేజ్ శాతం చదవండి, చిత్రం బాగుందని నమ్మకండి. సీఎఫ్‌మెష్ అనే ఇంకో సాధనం ఈ పని కొంచెం సాఫీగా చేస్తుంది. 10, 20, 40, 80 లక్షల సెల్స్‌తో నాలుగు మెష్‌లు చేసి పీడన నష్టం 2 శాతం లోపు స్థిరపడిన చోట ఆగండి. గోడ షియర్ (గోడ మీద గాలి రాపిడి), ఉష్ణ ప్రవాహం స్థిరపడటానికి పీడనం కన్నా మెరుగైన మెష్ కావాలి కాబట్టి మీరు చూడబోయే రాశి ఏదైతే దానితోనే ఈ పరీక్ష చెయ్యండి.

హద్దుల దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు: రంధ్రాన్ని చదునుగా కోసి అక్కడ ఏకరీతి వేగం ఇవ్వడం. గాలి రంధ్రంలోకి అన్ని వైపుల నుంచీ వంగి వస్తుంది, ఆ వంపే వాల్వ్ దాకా జెట్ దిశను నిర్ణయిస్తుంది. ముఖం ఉపరితలాన్ని ఉంచి, ముక్కు ముందు ఒక అర్ధగోళం గీసి, దాని మీద టోటల్ ప్రెషర్ సున్నా పెట్టండి. రెండో వైపు నేసోఫారింక్స్ (ముక్కు వెనక గొంతు పైభాగం) కింద 3 నుంచి 5 సెంటీమీటర్ల గొట్టం పొడిగించి అక్కడ సెకనుకు 250 మి.లీ. బయటికి లాగండి. రెండు రంధ్రాల మధ్య గాలి ఎలా పంచుకోవాలో మీరు చెప్పనక్కర్లేదు, అదే తేలుతుంది. సింపుల్‌ఫోమ్‌లో (ఓపెన్‌ఫోమ్ స్టెడీ సాల్వర్‌లో) వేగానికి రెండో తరగతి అప్‌విండ్ పెట్టండి. మొదటి తరగతి పెడితే సంఖ్యాత్మక విసరణం జెట్‌ని మింగేస్తుంది, రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో మిగిలే తేడాలు) మాత్రం చక్కగా దిగిపోయి అంతా బాగుందన్న భ్రమ కలిగిస్తాయి. రెసిడ్యువల్స్‌తో పాటు పీడన నష్టాన్నీ ఎడమ కుడి ప్రవాహాల వాటానూ ప్రతి ఇటరేషన్‌కూ గీసి చూడండి. అవి ఒక శాతం లోపు ఊగుతుంటే సగటు తీసుకోవచ్చు. అంతకు మించి ఊగితే ప్రవాహమే నిలకడగా లేదన్నమాట, కాలంతో మారే ప్రవాహాన్ని లెక్కించే పింపుల్‌ఫోమ్‌కు మారండి.

15 లీటర్లకు మామూలు ముక్కులో రంధ్రం నుంచి నేసోఫారింక్స్ దాకా పీడన నష్టం 10-20 పాస్కల్ దగ్గర ఉంటుంది. మీకు 200 వచ్చిందంటే ముందు స్కేల్, తర్వాత ఒక్క పిక్సెల్ వంతెనలు వెతకండి.

పేషెంట్‌కి ముక్కు దిబ్బడ అనిపించడం, నిరోధం ఎక్కువగా ఉండటం ఒకటి కాదు. ఈ సంగతి ఇంజనీర్లకు సాధారణంగా ఎవరూ చెప్పరు. గాలి ఆడుతోందన్న భావన శ్లేష్మపొర చల్లబడటం వల్ల కలుగుతుంది. ట్రైజెమినల్ నాడి (ముఖపు స్పర్శ నాడి) కొసల్లోని టీఆర్‌పీఎం8 గ్రాహకాలు ఆ చల్లదనాన్ని పసిగడతాయి. మెంథాల్ పీల్చగానే నిరోధం ఏమీ మారకపోయినా ముక్కు తెరుచుకున్నట్టు అనిపించేది అందుకే. టర్బినేట్లను మరీ ఎక్కువగా కోసేసిన కొందరిలో దారి విశాలంగా ఉన్నా ఊపిరాడనట్టే ఉంటుంది. ఎంప్టీ నోస్ సిండ్రోమ్ అనేది ఇదే. వాళ్ల సిమ్యులేషన్లలో గాలి ఒక పాయగా మిడిల్ మీటస్ వైపు పోయి, కింది భాగపు గోడల మీద షియర్ పడిపోయి కనిపిస్తుంది. కాబట్టి నిరోధం ఒక్కటే చూపిస్తే కథ సగమే. శ్లేష్మపొర మీద ఉష్ణ ప్రవాహం చదరపు మీటరుకు 50 వాట్లు దాటిన వైశాల్యం ఎంత అన్న కొలమానం పేషెంట్ అనుభూతికి దగ్గరగా వస్తుందని ప్రచురిత అధ్యయనాల్లో ఉంది. దాన్ని కూడా లెక్కించండి.

అయితే ఆ కొలమానం వెనక 20 డిగ్రీల గది గాలి, దాదాపు 33 డిగ్రీల గోడ అన్న ఊహ ఉంది. మన దగ్గర మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పీల్చే గాలి 42 డిగ్రీలు. గోడ కన్నా గాలే వేడి. శక్తి సమీకరణం ఒక్కటే పెడితే ఉష్ణం తిరగబడి శ్లేష్మపొర వేడెక్కుతున్నట్టు చూపిస్తుంది. నిజంలో ఆవిరి కావడం వల్ల అది చల్లబడుతూనే ఉంటుంది. 42 డిగ్రీల, 20 శాతం తేమ గాలిలో ఆవిరి పీడనం 1.6 కిలోపాస్కల్, 33 డిగ్రీల తడి గోడ మీద 5 కిలోపాస్కల్. ఆ గాలి 33 డిగ్రీలకు వచ్చి తేమతో నిండాలంటే కిలో గాలికి 54 కిలోజౌళ్లు ఆవిరికి ఖర్చవుతాయి, గాలి నుంచి గోడకు వచ్చే వేడి 9 కిలోజౌళ్లే. అంటే నికరంగా 45 కిలోజౌళ్ల చల్లదనం. 20 డిగ్రీల, 50 శాతం తేమ గాలికి ఇదే లెక్క 74 దాకా వస్తుంది. వేసవి గాలి మీద పని చెయ్యాలనుకుంటే నీటి ఆవిరికి విడిగా ట్రాన్స్‌పోర్ట్ సమీకరణం పెట్టి గుప్తోష్ణం కలపక తప్పదు. గోడ ఉష్ణోగ్రత 33 దగ్గరే నిలుస్తుందన్నది కూడా ఊహే కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ మార్చి చూడండి. మన ఎండాకాలపు గాలికి ఈ పని చేస్తే అదొక్కటే మంచి ఎం.టెక్ థీసిస్ అవుతుందని నా నమ్మకం.

ఇక ఆపరేషన్ ప్రశ్న. ముక్కులో రెండు వైపుల టర్బినేట్లూ కొన్ని గంటలకోసారి వంతులవారీగా ఉబ్బుతాయి, తగ్గుతాయి. దీన్ని నాసల్ సైకిల్ అంటారు. మొత్తం నిరోధం పెద్దగా మారదు, ఒక్కో వైపుది మాత్రం బాగా మారుతుంది. మీ సీటీ ఆ చక్రంలో ఒక్క క్షణపు ఫొటో. పైగా పేషెంట్‌ని పడుకోబెట్టి తీసింది, పడుకుంటే పొర ఇంకా ఉబ్బుతుంది. ఎడమ వైపు 30 శాతం, కుడి వైపు 70 శాతం గాలి అని మీ లెక్క చెప్పినంత మాత్రాన దూలమే కారణమనలేం. స్కాన్‌కు ముందు దిబ్బడ తగ్గించే చుక్కలు వేశారో లేదో డాక్టర్‌ని అడిగి రాసుకోండి. గోడలు గట్టివని మీరు అనుకున్నారు, నిజం ముక్కులో గట్టిగా పీలిస్తే వాల్వ్ దగ్గర పుటం లోపలికి లాక్కుపోతుంది. పుటం బలహీనంగా ఉన్నవాళ్ల సమస్య మీ మోడల్‌కి కనిపించదు.

రైనోమానోమెట్రీ (ముక్కు నిరోధాన్ని కొలిచే పరీక్ష) రిపోర్ట్ ఉంటే పోల్చండి, కానీ ఒకే స్థితిలో. ఆ పరీక్షలో నిరోధాన్ని సాధారణంగా 150 పాస్కల్ దగ్గర చెబుతారు. ప్రవాహం పెరిగేకొద్దీ నిరోధమూ పెరుగుతుంది కాబట్టి 15 లీటర్ల దగ్గర మీకు వచ్చినదాన్ని దాని పక్కన పెట్టకూడదు, 150 పాస్కల్ హద్దుతో ఇంకో రన్ చెయ్యాలి. అప్పుడు కూడా సిమ్యులేషన్ విలువ తక్కువగా రావడమే ఎక్కువ. ముక్కు వెంట్రుకలు, కదిలే పుటం, పరీక్ష రోజుకూ స్కాన్ రోజుకూ మధ్య మారిన శ్లేష్మపొర, త్రెషోల్డ్ అన్నీ అందులో ఉన్నాయి. వీటిలో లెక్క తప్పు ఎంతో, జామెట్రీ తప్పు ఎంతో విడదీయాలంటే మీ ఎస్‌టీఎల్‌నే రెజిన్ ప్రింటర్‌లో ముద్రించి కొలవండి. 15 పాస్కల్‌ని గాలితో కొలవడానికి సున్నితమైన సెన్సర్ కావాలి. నీటితో చేస్తే తేలిక. అదే పరిమాణంలో 25 డిగ్రీల నీరు నిమిషానికి 0.86 లీటర్లు పంపితే రేనాల్డ్స్ సంఖ్య సమానమవుతుంది, పీడన తేడా గాలిలో వచ్చేదానికి దాదాపు 2.8 రెట్లు వస్తుంది. లోపల గాలి బుడగ ఒక్కటి చిక్కుకున్నా రీడింగ్ పాడవుతుంది, అందుకని కింది నుంచి నెమ్మదిగా నింపండి. ప్రింట్‌తో మీ లెక్క 5-10 శాతం లోపు కలిస్తే సాల్వర్ వైపు మీరు క్షేమం. మిగిలిన తేడా అంతా జామెట్రీది, పేషెంట్‌ది.

దూలం సరిచేసిన జామెట్రీని మీరే గీసి వర్చువల్ సర్జరీ చెయ్యవచ్చు, అది మంచి అధ్యయనమే. ముందూ తర్వాతా ఒకే త్రెషోల్డ్, ఒకే మెష్ సెట్టింగులు, ఒకే హద్దులు ఉండాలి. ఒకచోట ప్రవాహం స్థిరం, ఇంకోచోట పీడనం స్థిరం పెట్టి పోల్చకండి. ఎంత ఎముక తీయడం సాధ్యమో సర్జన్ గీయాలి, మీరు కాదు.

చివరగా పేషెంట్ డేటా. డైకామ్ (సీటీ ఫైల్) హెడర్‌లో పేరు, పుట్టిన తేదీ తీసేస్తే సరిపోదు. అదే స్కాన్ నుంచి చర్మం ఉపరితలం తీస్తే పోల్చుకోగలిగిన ముఖం వచ్చేస్తుంది. థీసిస్‌లో, గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు ముక్కు చుట్టూ ఉన్న భాగం తప్ప మిగతా ముఖం కత్తిరించండి. మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, పేషెంట్ రాతపూర్వక సమ్మతి పని మొదలుపెట్టకముందే తీసుకోండి. వైద్యానికి అవసరం లేకుండా కేవలం సిమ్యులేషన్ కోసం ఇంకో సీటీ తీయించమని మాత్రం ఎవరినీ అడగకండి.